చీర రంగు మారకూడదు: వెబ్‌సైట్ ఫొటోలకి ఏ సాఫ్ట్‌వేర్?

పెడనలో మా బాబాయి కలంకారీ చీరలు అమ్ముతారు. పోయిన వేసవి సెలవుల్లో ఆయనకి ఒక చిన్న వెబ్‌సైట్ చేశాను. ఫోన్‌తో ఫొటోలు తీసి, ఏదో యాప్‌లో ఫిల్టర్ వేసి పెట్టేశాను. చూడ్డానికి అదిరిపోయాయి. వారం తిరక్కుండానే ఒక చీర వెనక్కి వచ్చింది. "ఫొటోలో తెల్లగా ఉంది, చేతికొచ్చింది మీగడ రంగు" అన్నారు కొనుక్కున్నావిడ. బాబాయి నన్ను తిట్టలేదు. చీర మడతపెడుతూ, "ముందు గుడ్డని కరక్కాయ నీళ్లలో నానబెడతాం కదరా, ఆ రంగు అది" అన్నారు, అంతే.

తప్పు నాదే. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పది అని చూశాను గానీ, నాకు కావాల్సిన పనేంటో చూడలేదు. మనకి కావాల్సినవి రెండే.

మొదటిది, రంగు. ఏది చీర రంగో, ఏది ట్యూబ్‌లైట్ రంగో ఆటో బటన్‌కి తెలీదు. అందుకే పగటిపూట నీడపట్టున, చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఫొటో తీయండి. తర్వాత గింప్‌లో కలర్స్ మెనూలోని లెవెల్స్ తెరిచి, గ్రే పాయింట్ పికర్‌తో ఆ కాగితం మీద క్లిక్ చేయండి. చీర అసలు రంగుకి దగ్గరగా వస్తుంది. కాగితాన్ని క్రాప్ చేసేయండి. ఫొటోషాప్ కూడా ఈ పని చేస్తుంది, కానీ దానికి చందా కట్టాలి. గింప్ ఉచితం. 1995లో బర్క్‌లీలో చదువుకుంటున్న ఇద్దరు, స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్, మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. ఇన్‌స్టాల్ చేసే వీలు లేకపోతే బ్రౌజర్‌లోనే నడిచే ఫొటోపీ ఉంది.

రెండోది, సైజు. ఫోన్ ఫొటో 4000×3000 అనుకుందాం, అంటే 1.2 కోట్ల పిక్సెళ్లు. చీర పేజీకి 1200×900 చాలు. పిక్సెళ్లు దాదాపు 11వ వంతుకి తగ్గుతాయి, సిగ్నల్ సరిగా లేని ఊళ్లో కూడా పేజీ త్వరగా తెరుచుకుంటుంది. గింప్‌లో స్కేల్ ఇమేజ్‌తో తగ్గించి, జేపెగ్ క్వాలిటీ 80 దగ్గర ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎగ్జిఫ్ టిక్ తీసేయండి, లేకపోతే మీ ఇంటి లొకేషన్ కూడా ఫొటోతో పాటు వెళ్లొచ్చు. ఎంత కుదిస్తే ఎంత పాడవుతుందో పక్కపక్కనే చూడాలంటే స్క్వూష్ వాడండి. ఒరిజినల్ మాత్రం ఎప్పుడూ దాచుకోండి.

ఫొటోలన్నీ మళ్లీ తీశాను. ఇప్పుడు అప్‌లోడ్ చేసే ముందు బాబాయి చీర తెచ్చి స్క్రీన్ పక్కన పట్టుకుంటారు. ఆయన "ఊఁ" అంటేనే బటన్ నొక్కుతాను.