బొద్దక్షరం – స్వభావం, ప్రయోజనం

అచ్చు పుటలో అక్షరాలన్నీ ఒకే పని చేయవు. వార్తను వివరించే అక్షరం వేరు, వార్త ఉన్నదని కేక వేసి చెప్పే అక్షరం వేరు. ఈ రెండవ కోవకు చెందినది బొద్దక్షరం. పాఠ్యగ్రంథాలలో శీర్షికలు, నిఘంటువులలో ఆరోపాలు, బస్సు నుదుట ఊరి పేరు, గోడపత్రికలో సభ జరిగే తేదీ దీని ఆశ్రయంలోనే ఉంటాయి.

ఇంగ్లీషు ముద్రణలో ఈ జాతికి అత్యంత దృఢమైన రూపం స్లాబ్ సెరిఫ్. అక్షరపు గీత ముగిసే చోట ఉండే చిన్న అడ్డుగీతను సెరిఫ్ అంటారు. సాధారణ అక్షరాలలో అది సూదిమొనలా సన్నగిల్లుతుంది. స్లాబ్ సెరిఫ్‌లో మాత్రం నిలువు గీతకు ఇంచుమించు సమానమైన మందంతో, ఇటుక పేర్చినట్లు, చదరంగా నిలుస్తుంది. ఇంటికి స్లాబు వేయడం ఎరిగిన తెలుగువారికి ఈ పేరు వివరించనక్కరలేదు. 1815–17 ప్రాంతంలో లండన్ నగరపు అక్షర నిర్మాత విన్సెంట్ ఫిగ్గిన్స్ దీనిని 'యాంటిక్' అనే పేరుతో వెలువరించాడు. నెపోలియన్ దండయాత్ర తరువాత ఐరోపాలో ఈజిప్టు పట్ల ఏర్పడిన మోజు వల్ల 'ఈజిప్షియన్' అన్న పేరు కూడా స్థిరపడింది. ఈజిప్టు లిపితో దీనికి ఏ సంబంధమూ లేదు. 1845లో రాబర్ట్ బెస్లీ ప్రకటించిన 'క్లారెండన్' ఈ జాతిలో మరొక మెట్టు. సాధారణ అక్షరాల నడుమ ఒక మాటను ఎత్తి చూపడానికి అది ప్రత్యేకంగా ఉపయోగపడింది. నిఘంటువులకు అంతకంటె కావలసినదేమున్నది? ఆనాటి చట్టం దానికి మూడేండ్ల రక్షణ మాత్రమే కల్పించింది. గడువు తీరగానే ఇతరులు యథేచ్ఛగా అనుకరించారు.

ఈ అక్షరానికి బలం అందంలో లేదు, ఓర్పులో ఉంది. గరుకు కాగితం మీద, చిక్కని సిరాతో, అరిగిన దిమ్మెలతో అచ్చు వేసినపుడు సన్నని గీతలు తెగిపోతాయి. మందపు గీతలు నిలుస్తాయి. ప్రకటనలు వీధికెక్కిన కాలంలో దానికి ఆదరణ లభించడం అందువలననే.

తెలుగు లిపికి ఈ పద్ధతిని యథాతథంగా తగిలించడం సాధ్యం కాదు. తెలుగు అక్షరం వంపులమయం. అందులో గీత చివర చదరపు పట్టె వేయడానికి చోటు దొరకదు. పైనున్న తలకట్టు సెరిఫ్ వలె కనిపించినా అది అలంకారం కాదు, అకారానికి గుర్తు. 'క' మీది తలకట్టు తీసి గుడి పెడితే 'కి' అవుతుంది. అలంకారాన్ని ఇష్టం వచ్చినట్లు పెంచవచ్చు, అర్థాన్ని మోసే గుర్తును పెంచేటపుడు మాత్రం జాగ్రత్త అవసరం.

పాలమూరు ప్రాంతపు మూడు పేర్లను పరిశీలిస్తే ఈ చిక్కు తేటపడుతుంది. 'గద్వాల'లో దకారం క్రింద వకారపు ఒత్తు ఉన్నది. 'వనపర్తి'లో వకార పకారాలు రెండూ ఉన్నాయి. వకారంలో తలకట్టు అక్షరానికి అంటుకొని ఉంటుంది, పకారంలో ఎడంగా నిలుస్తుంది. గీతను అతిగా లావు చేస్తే ఆ ఎడం పూడిపోయి 'ప' కాస్తా 'వ'గా భ్రాంతి కలిగిస్తుంది. 'నాగర్‌కర్నూల్'లో 'ర్నూ' అనే ఒక్క అక్షరంలోనే రకారం, క్రింద నకారపు ఒత్తు, ప్రక్కన దీర్ఘం ఇమడాలి. అన్నిటినీ సమానంగా బలిపిస్తే మిగిలేది సిరా ముద్ద.

ఊరి పేరు పొరబడితే ప్రయాణికుడు మరొకరిని అడిగి తెలుసుకొనవచ్చు. 'అర్థము', 'అర్ధము' విషయంలో అట్లు కాదు. మొదటిది భావం లేక ధనం, రెండవది సగం. ఒత్తులోని చిన్న చుక్కయే ఆ భేదానికి ఆధారం. బొద్దు అచ్చులో మొదట పూడిపోయేది ఆ చుక్కయే. దస్తావేజులోనో, ప్రశ్నపత్రంలోనో అది పూడితే నష్టపోయేది చదివేవాడు.

ఈ నేలకు అచ్చు అక్షరంతో సన్నిహిత సంబంధం ఉన్నది. గద్వాల ప్రాంతంలోని ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి 'గోలకొండ' పత్రికను ప్రారంభించారు. నిజాం రాజ్యంలో పాలనాభాష ఉర్దూ. తెలుగు చదువుకు ఆదరణ తక్కువ. అట్టి కాలంలో తెలుగు పత్రికను నడపడం సాహసమే. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు సమాధానంగా 1934లో ఆయన 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించారు. వాదానికి దిగక పేర్లనూ పద్యాలనూ అచ్చులో నిలిపి చూపారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైన ఆయన మరుసటి సంవత్సరమే కన్నుమూశారు.

ఆయన పేరు ఇపుడు ఒక అక్షర రూపానికి కూడా పేరు. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన 'సురవరం' ఫాంటును సిలికానాంధ్ర సంస్థ అందరూ ఉచితంగా వాడుకొనేటట్లు విడుదల చేసింది. అది ప్రధానంగా వార్తాపత్రికల కొఱకు ఉద్దేశించినది. పత్రికా సంపాదకుని పేరు వార్తల అక్షరానికి పెట్టడం ఎంతో ఉచితం. శీర్షికలకూ గోడపత్రికలకూ అదే రూపకర్త తయారుచేసిన 'రామభద్ర' వేరుగా ఉన్నది. దాని లావు మొదటి నుండి ఆ పనికే గీయబడినది.

ఈ తేడా కంప్యూటరు ముందు కూర్చున్నవారు గమనింపదగినది. 'సురవరం' ఒకే మందంలో విడుదలైనది. దానిని ఎంచుకొని బోల్డ్ మీట నొక్కితే యంత్రం గీతలను అన్ని వైపులకూ ఉబ్బిస్తుంది, క్రొత్తగా ఏదీ గీయదు. ఒత్తు ఎంత సన్నబడాలో, పకారపు తలకట్టు ఎంత పైకి జరగాలో, థకారపు చుక్కకు ఎంత ఖాళీ విడువాలో దానికి తెలియదు. నిజమైన బొద్దక్షరంలో ఇవన్నీ ఒక్కొక్క అక్షరానికీ విడివిడిగా నిర్ణయించి చేతితో దిద్దవలసినవి.