ఆసుపత్రిలో పడిపోవడం: ఆపగలిగిన ప్రమాదమే
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: మా నాయినకు 72 ఏళ్లు. జ్వరం, ఆయాసంతో ఆసుపత్రిలో చేర్పించాం. మూడో రోజు తెల్లవారుజామున ఒక్కడే బాత్‌రూమ్‌కు లేచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఇంటి దగ్గర కర్ర లేకుండా పొలం దాకా నడిచే మనిషి. మమ్మల్ని లేపకపోవడం ఆయన తప్పేనని బంధువులు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తాండూరు

జవాబు: కాదమ్మా. ఆయన్ను ఆ మాట అననివ్వకండి. ఇంటి దగ్గర నడిచిన మనిషి వేరు, మూడు రోజులు మంచాన పడ్డ మనిషి వేరు. జ్వరానికి ఒళ్లు నీరసిస్తుంది, కదలక కాళ్లలో సత్తువ తగ్గుతుంది. పడుకుని ఒక్కసారిగా నిలబడితే కొందరికి పై బీపీ 20 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు, ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, నిద్రమాత్రలు ఈ ముప్పును ఇంకా పెంచుతాయి. పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లు ఇంట్లో నులక మంచం మీద పడుకుంటారు. ఆసుపత్రి బెడ్ అంతకంటే ఎత్తు. చీకట్లో కాలు నేలకు అందుతుందనుకుని దిగుతారు. పైగా పిల్లల నిద్ర చెడగొట్టడం వాళ్లకు ఇష్టం ఉండదు. అందుకే పిలిచేదాకా ఆగకండి. పడుకోబోయే ముందు, నడిరాత్రి, తెల్లవారుజామున మీరే లేపి తీసుకెళ్లండి.

ప్రశ్న: అత్తమ్మకు వచ్చే వారం ఆపరేషన్. పడిపోయే ప్రమాదం ఎంతుందో ముందే తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, వికారాబాద్

జవాబు: తెలుసుకోవచ్చు. జానిస్ మోర్స్ బృందం 1989లో ప్రచురించిన కొలమానాన్ని నర్సులు చాలా దేశాల్లో వాడుతున్నారు. గత మూడు నెలల్లో పడి ఉంటే 25, ఒకటి కంటే ఎక్కువ జబ్బులుంటే 15, చేతికర్రతో నడిస్తే 15, గోడో కుర్చీయో పట్టుకుని నడిస్తే 30, సెలైన్ సూది ఉంటే 20 మార్కులు. నడక తీరుకు, తన శక్తిని తాను సరిగా అంచనా వేసుకోలేకపోవడానికి వేరే మార్కులుంటాయి. మొత్తం 45 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ప్రమాదం ఎక్కువని సాధారణంగా లెక్కిస్తారు. మీ అత్తమ్మకు బీపీ, షుగర్ రెండూ ఉండి, చేతికర్రతో నడుస్తుంటే, సెలైన్ ఎక్కించగానే 50 అవుతుంది. చేర్చిన రోజే సిస్టర్‌తో ఈ వివరాలు, వేసుకునే మాత్రలన్నీ చెప్పండి. ఆపరేషన్ తర్వాత మొదటిసారి నిలబెట్టేటప్పుడు సిస్టర్ పక్కనే ఉండాలని అడగండి. ముందు లేపి కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడదీసి, కళ్లు తిరగడం లేదని తేలాకే నిలబెట్టాలి.

బాత్‌రూమ్ దారినీ చూసుకోండి. మన తాండూరు బండలు నున్నగా పాలిష్ పట్టి ఉంటే, తడి తుడిచిన వెంటనే కాలు నిలవదు. ఆరేదాకా ఆగాలి. జారే ప్లాస్టిక్ చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండి అడుగు గరుకుగా ఉన్నవి తీసుకెళ్లండి. కళ్లద్దాలు, చేతికర్ర, నీళ్ల సీసా చేతికందేలా పెట్టండి.

ప్రశ్న: మంచానికి రెండు వైపులా కడ్డీలు ఎత్తితే సరిపోదా? అవసరమైతే చేతులు కట్టేయొచ్చా?
– ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: సరిపోదు. అయోమయంలో ఉన్న పేషెంట్ కడ్డీ మీంచి దాటబోతే ఇంకా ఎత్తు నుంచి పడతాడు. కట్టేస్తే భయం, పెనుగులాట పెరుగుతాయి. మీ అంతట మీరు ఆ పని చేయకండి. మంచం ఎత్తు తగ్గించమనండి, రాత్రి చిన్న లైటు ఉంచండి, తెలిసిన మనిషి పక్కన ఉండేలా చూడండి. ఉన్నట్టుండి అయోమయం మొదలైతే డాక్టర్‌కు చెప్పాలి. దాని వెనక ఇన్ఫెక్షనో, షుగర్ పడిపోవడమో ఉండవచ్చు.

ప్రశ్న: జాగ్రత్తపడినా పడిపోతే?
– ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: వెంటనే చంకల కింద చేతులేసి లేపకండి. సిస్టర్‌ను పిలవండి. మెడ, తుంటి చూశాకే కదపాలి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే, పైకి గాయం లేకపోయినా డాక్టర్‌కు చెప్పి స్కానింగ్ సంగతి అడగండి. తిడతారన్న భయంతో దాచొద్దు.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీళ్లలో 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. అందుకే పడిన ప్రతిసారీ కేస్‌షీట్‌లో రాయించండి. ఎక్కడ, ఏ వేళ, ఏం చేస్తుండగా పడ్డారో రాసి ఉంటేనే, అదే చోట ఇంకొకరు పడకుండా ఆసుపత్రి చూసుకోగలదు.