మాయ – గర్భిణి ఆరోగ్యానికి మూలం

బిడ్డ పుట్టిన కొద్ది నిమిషాలకు తల్లి గర్భం నుండి వెలువడే మాయను శాస్త్ర పరిభాషలో జరాయువు అంటారు. మలయ్ భాషలో దీని పేరు ‘ఊరి’. మలయ్ గ్రామాలలో దీనిని శిశువు తోబుట్టువుగా భావించి, శుభ్రంగా కడిగి భూమిలో పాతిపెట్టే ఆచారం ఉంది. సుమారు అరకిలో బరువుండే ఈ అవయవం తొమ్మిది నెలలు శిశువుకు ఊపిరితిత్తుల, మూత్రపిండాల పని చేసిపెడుతుంది. తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. పలుచని పొర గుండా ప్రాణవాయువు, గ్లూకోజు బిడ్డకు చేరుతాయి. బొగ్గుపులుసు వాయువు, యూరియా తల్లి రక్తంలోకి వెళ్లిపోతాయి.

మాయ ఏర్పడే తొలి వారాలలోనే ఒక కీలకమైన ప్రక్రియ జరుగుతుంది. మాయలోని కణాలు గర్భాశయపు గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి మెలికలు తిరిగిన సన్నని ధమనులను వెడల్పు చేస్తాయి. పిల్లకాలువ పెద్ద కాలువగా మారినట్లు రక్తం ధారాళంగా ప్రవహిస్తుంది. దాదాపు 20వ వారానికి ఈ పని ముగియాలి. అది అసంపూర్ణమైతే మాయకు రక్తం సక్రమంగా అందదు. బిడ్డ ఎదుగుదల కుంటుపడవచ్చు; తల్లికి రక్తపోటు పెరిగి, మూత్రంలో మాంసకృత్తులు కనిపించవచ్చు. ఇదే ప్రీ ఎక్లాంప్సియా. ఇది ముదిరి మూర్ఛలు వస్తే మన పెద్దలు గుర్రపువాతం అనేవారు.

ఈ వ్యాధికి మూలం మాయలోనే ఉన్నదనడానికి ముత్యాల గర్భమే నిదర్శనం. అందులో శిశువు లేకపోయినా, మాయ కణజాలం విపరీతంగా పెరిగినందువలన తల్లికి ఇదే వ్యాధి రావచ్చు. 2003లో బోస్టన్ నగరంలో అనంత్ కరుమంచి బృందం మరొక ముడి విప్పింది. వ్యాధిగ్రస్తమైన మాయ ఒక ప్రోటీనును అధికంగా విడుదల చేస్తుందనీ, అది రక్తనాళాలను కాపాడే పదార్థాలను బంధించి వాటిని నిష్ఫలం చేస్తుందనీ ఆ బృందం తెలిపింది.

2017లో వెలువడిన ఒక పరిశోధనలో, ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు 11–14 వారాల నుండి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. 37 వారాల లోపు కాన్పుకు దారితీసే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుండి 1.6 శాతానికి తగ్గింది. అయితే వైద్యుని సలహా లేనిదే ఈ మందు వాడరాదు.

మలేషియాలో 1991 నుండి ప్రతి మాతృమరణానికీ కారణాన్ని గోప్యంగా విచారించే పద్ధతి ఉంది. అధిక రక్తపోటు ఆ కారణాలలో ముఖ్యమైనది. అందుకే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణికిచ్చే గులాబీరంగు పుస్తకంలో ప్రతిసారీ రక్తపోటు, మూత్రపరీక్ష ఫలితాలు నమోదు చేస్తారు.

మన కుటుంబాలలో మూడవ నెల దాటేవరకు శుభవార్తను బయటపెట్టరు. ఇరుగుపొరుగుకు చెప్పకపోయినా నష్టం లేదు; వైద్యునికి మాత్రం దాచరాదు. తల్లికి ఏ బాధా తెలియని ఆ వారాలలోనే మాయ తన పునాది వేసుకుంటుంది. 12వ వారంలోపు తొలి పరీక్ష చేయించుకోవాలి. తరువాతి నెలలలో తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, హఠాత్తుగా ముఖం వాయడం వంటి లక్షణాలు కనిపిస్తే, ఒంటికి నీరు పట్టిందని ఉపేక్షించక వెంటనే ఆసుపత్రికి వెళ్లడం శ్రేయస్కరం.