శిక్షకుడు రహీము

అనంతపురము ప్రాంతమున ఏటా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ చేలు ఎండిపోయిన నాళ్లలో అచ్చటి నేల బండవలె గట్టిపడును. అట్టి నేలపై ఫుట్‌బాల్ ఆడునపుడు బంతి నిలువక, ఎగిరి దూరముగా పోవును. వట్టికాళ్లతో ఆడు బాలుడు దానిని పాదమునకు దగ్గరగా ఉంచుకొనుట తనంత తానే నేర్చుకొనును. ఏ ఊరి ఆట అయినను ఆ ఊరి నేలనుబట్టియు, అలవాటునుబట్టియు ఏర్పడును.

ఇట్లు పాతుకొనిన ఆటను ఒక శిక్షకుడు వచ్చి ఎంతవరకు మార్పగలడు? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదున సయ్యద్ అబ్దుల్ రహీము చరిత్రలో కలదు. 1909లో జన్మించిన ఈయన వృత్తిచేత బడిపంతులు. పిమ్మట హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. బంతిని విడువక ప్రత్యర్థులను తప్పించుకొనుచు ఒక్కడే పోవుట ఆనాటి ఆటగాండ్రకు గొప్ప. దీనిని మాన్పుటకు రహీము ఆటనే సాధనముగా గైకొనెను. బంతిని అట్లు నడిపించుకొని పోరాదను నియమముతో పోటీలు పెట్టెను. వాటము లేని కాలితోనే తన్నవలెనను పోటీలును పెట్టెను. బంతి తనకు చేరకముందే తోడివాడెచ్చట ఉన్నాడో చూచుకొననివాడు ఇట్టి పోటీలలో నిలువలేడు. రెండు కాళ్లును అలవడినవానికి తిరిగి నిలువవలసిన పని లేదు. ఆ అరక్షణమే ఆటలో గొప్ప లాభము. బొంబాయి రోవర్సు కప్పును ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచెను.

క్లబ్బు ఆటగాండ్రు అనుదినము శిక్షకుని కంటియెదుట ఉందురు. దేశపు జట్టు సంగతి వేరు. పలు రాష్ట్రములవారు పలు అలవాట్లతో వచ్చి కొలదికాలము మాత్రమే కలిసి ఉందురు. 1952లో హెల్సింకి ఒలింపిక్సునకు రహీము తీసికొనిపోయిన జట్టులో పెక్కుమంది వట్టికాళ్లతోనే ఆడిరి. యుగోస్లావియా 10–1 తేడాతో ఓడించెను. అటుపిమ్మట అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసెను. శిక్షకుని మాటకంటె ఆ ఓటమియే గట్టిగా వినబడెననవలెను.

1956లో మెల్‌బోర్నున ఆస్ట్రేలియాను 4–2 తేడాతో గెలిచి భారతదేశము నాలుగవ స్థానము పొందెను. సికింద్రాబాదువాడగు తులసీదాస్ బలరాముడు ఆ జట్టులోనివాడే.

1962లో జకార్తా ఆసియా క్రీడలలో వెనుకవరుస ఆటగాడగు జర్నైల్ సింగునకు తలకు గాయము తగిలెను. రహీము ఆతనిని ముందువరుసకు మార్చెను. వెనుక ఏర్పడిన ఖాళీని నింపగలవారు జట్టులో ఉండుటచేతనే ఇట్టి సాహసము చెల్లినది. జర్నైల్ సింగు దక్షిణ వియత్నాముపై ఒక గోలు చేసి, దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోటీలో మరియొకటి చేసెను. భారతదేశము 2–1 తేడాతో స్వర్ణపతకము గెలిచెను.

అప్పటికే రహీమునకు క్యాన్సరు వ్యాధి ముదిరియుండెను. 1963 జూన్ 11న ఆయన మరణించెను. ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణము భారతదేశమునకు మరల దక్కలేదు; 1970లో బాంకాకున కాంస్యము లభించెను. ఆ జట్టు శిక్షకులలో ఒకడు ప్రదీప్ కుమార్ బెనర్జీ. జకార్తా తుదిపోటీలో మొదటి గోలు చేసినవాడు ఆయనయే.