నొప్పికి నాలుగు మాటలు

జాక్సన్ హైట్స్,
న్యూయార్క్

చిట్టితల్లీ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా మనసులోంచి పోలేదు. "అక్కడ చూడ్డానికేం లేదట కదా పిన్నీ, రైలు మోత, జనం, సరుకుల కొట్లు తప్ప! సరుకులు మాకు జర్నల్ స్క్వేర్‌లోనే దొరుకుతున్నాయి" అన్నావు. నాకు కోపం రాలేదు. వచ్చిన కొత్తలో నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. నాలుగేళ్లు ఈ వీధుల్లోనే ఉండి ఎవరి మొహమూ చూడలేదు. కందిపప్పు, చింతపండు కొనుక్కోవడం, తల వంచుకుని ఇంటికి రావడం. పోయిన ఆ నాలుగేళ్ల కోసం ఇప్పటికీ బాధపడతాను. నీకు అలా కాకూడదు. ఫోనులో చెబితే "సరే పిన్నీ" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఈ పేట తెలిసింది మందుల షాపులో పనికి కుదిరాక. చేరిన వారంలోనే ఒక పెద్దావిడ కౌంటరు దగ్గరికొచ్చి మోకాలు పట్టుకుని "దొలోర్, దొలోర్" అంది. నాకు అర్థం కాలేదు. వెనక నిలబడ్డ కుర్రాడు చెప్పాడు, స్పానిష్‌లో నొప్పి అని. చీటీ మీద రాసి పెట్టుకున్నాను. కొన్నాళ్లకి బంగ్లాదేశ్ నుంచి వచ్చిన తాతగారొకరు నడుం చూపించి "బ్యథా" అన్నారు. వినగానే ఒళ్లు ఝల్లుమంది. మన వ్యథే అది! ఆ తర్వాత నేపాలీ అమ్మాయి పన్ను నొప్పితో వచ్చి "దుఖ్యో" అంది. అందులో మన దుఃఖం ఉంది. మనం మనసుకు మాత్రమే ఉంచుకున్న మాటల్ని వాళ్లు నడుముకీ పంటికీ కూడా వాడుకుంటున్నారు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే, నాలుగేళ్లుగా నాకు గోలగా వినిపించిన వీధిలో మాటలు విడివిడిగా వినిపించడం మొదలైంది.

నీకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఈ పేటను చూసి పోవడానికి రాకు. ఇక్కడ ఒక్కరికైనా తెలిసిన మనిషివయ్యేదాకా మళ్లీ మళ్లీ రా.

ఎలా రావాలో చెబుతాను. మీ జర్సీ సిటీ నుంచి పాత్ రైల్లో 33వ వీధి దాకా వచ్చి, అక్కడ హెరాల్డ్ స్క్వేర్‌లో ఎఫ్ రైలు ఎక్కితే రూజ్‌వెల్ట్ ఎవెన్యూలో దిగడమే. మెట్లెక్కి పైకి రాగానే నెత్తిమీద ఇనుప వంతెన మీద ఏడో నంబరు రైలు పోతుంటుంది. 1917 నుంచీ అలా పోతూనే ఉంది. రైలొచ్చినప్పుడు ఇక్కడివాళ్లు మాట మధ్యలో ఆపి, అది పోయాక ఆపిన చోటనుంచే అందుకుంటారు. నీకు ఆ అలవాటు వచ్చిందంటే సగం ఈ ఊరిదానివైనట్టే. అడ్రసులు మొదట్లో తికమక పెడతాయి. 37వ ఎవెన్యూ వేరు, 37వ రోడ్డు వేరు. గుర్తు ఇది: 74వ వీధిలో 37-27 అని ఉంటే, ఆ ఇల్లు 37వ ఎవెన్యూ దాటాక ఉంటుంది. అడ్డగీతకి ముందున్న అంకె అడ్డవీధిది.

ఆ 74వ వీధే మనవాళ్లది. 1970ల్లో ఇక్కడ సామ్ అండ్ రాజ్ అనే కొట్టు పెట్టి, ఇండియా వెళ్లేవాళ్లకి 220 వోల్టుల సామాన్లు అమ్మారు. తర్వాత చీరలు, బంగారం, పప్పులు వచ్చాయి. 2004లో ఈ వీధికి కల్పనా చావ్లా పేరు పెట్టారు. తలెత్తి బోర్డు చూడు. ఒక్క వీధి దాటి 73కి వెళ్తే బంగ్లా అక్షరాలు, పక్కనే టిబెటన్లు, నేపాలీలు. తూర్పుగా 82వ వీధి వైపు నడిస్తే కొలంబియా, ఈక్వడార్, మెక్సికో. ఇదంతా నడిస్తే పావుగంట కూడా పట్టదు. నువ్వు మాత్రం రోజంతా పెట్టుకుని రా.

అయితే ఈ కలివిడి దానంతటదే వచ్చిందనుకోకు. 35వ ఎవెన్యూ చుట్టుపక్కల ఎర్ర ఇటుకల అపార్టుమెంట్లు కనిపిస్తాయి. వాటి నడుమ వీధిలోంచి కనపడని తోటలుంటాయి. క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ 1910ల నుంచి వాటిని కట్టింది. ఎంత అందంగా కట్టారో అంత గట్టిగా తలుపులు మూశారు. యూదులకి, నల్లవాళ్లకి అక్కడ ఇల్లిచ్చేవారు కాదు. మనలాంటివాళ్లు ఆ రోజుల్లో అసలు దేశంలోకే రాలేరు. తర్వాత రానిచ్చినా, ఇండియా మొత్తానికి ఏడాదికి 100 మందే లెక్క. 1965లో వచ్చిన చట్టం ఆ లెక్కలు తీసేసింది. నాకు ఈ కౌంటరు దొరికిందంటే, వెనక ఆ చట్టం ఉంది. నల్లవాళ్లు పౌరహక్కుల కోసం చేసిన పోరాటం అలాంటి చట్టానికి దారి వేసింది. వాళ్ల గురించి మన ఇళ్లలో తేలిగ్గా మాట్లాడడం విన్నప్పుడల్లా నాకు ఇది చెప్పాలనిపిస్తుంది.

"ఇక్కడ అందరూ కలిసిమెలిసి ఉంటారు" అని ఎవరైనా సులువుగా అనేస్తే నమ్మకు. 1990లో జూలియో రివేరా అనే యువకుణ్ణి, స్వలింగ ప్రేమికుడని, ఇక్కడి బడి ఆవరణలోనే కొట్టి చంపారు. ఆ చావుని ఊరుకోలేనివాళ్లు కూడగట్టుకుని 1993లో 37వ ఎవెన్యూ మీద ఊరేగింపు తీశారు. ఇప్పుడు ఏటా జూన్‌లో జరుగుతుంది. 78వ వీధి మూలకి అతని పేరుంది. ఆ మూల దగ్గర ఒక్క నిమిషం ఆగు.

తిండి సంగతి అడుగుతావని తెలుసు. పది చోట్ల పది రకాలు రుచి చూసి ఫొటోలు తీసుకుని వెళ్లేవాళ్లు శనివారాల్లో చాలామంది వస్తారు. నువ్వు ఒక్క బండి ఎంచుకో. ఫుచ్కా బండి అనుకో. మన పానీపూరీకి చుట్టమే, కానీ బంగ్లాదేశీలు పైన ఉడికించిన గుడ్డు తురిమి చల్లుతారు. శనివారం నియమం ఉంటే ముందే చెప్పు. మోమోలనే ఆవిరి కుడుముల్లో ఎక్కువగా గొడ్డుమాంసం ఉంటుంది, అడిగితే బంగాళాదుంపవి ఇస్తారు. అరేపా అంటే మొక్కజొన్న పిండితో దళసరిగా కాల్చిన రొట్టె, జున్ను వేసి పెడతారు. జొన్నరొట్టె తిని పెరిగిన నోటికి అది కొత్తేం కాదు. మూడోసారి అదే బండి దగ్గరికి వెళ్తే బండావిడ నీ మొహం గుర్తుపడుతుంది. ఐదోసారి నువ్వడక్కుండానే కారం ఎక్కువ వేస్తుంది. నగదు దగ్గర ఉంచుకో. అడక్కుండా ఎవరి ఫొటో తియ్యకు. ఎలా వచ్చారు, కాగితాలున్నాయా అని ఎవర్నీ ఎప్పుడూ అడగకు. ఆ ప్రశ్నకి ఒక ఇల్లు ఇల్లంతా వణుకుతుంది.

అడగాల్సింది "మీ ఊరేది?" అని. దేశం పేరు చెప్పి ఊరుకునేవాళ్లు కూడా ఊరి పేరు అడిగితే వెలిగిపోతారు. నేపాల్లో ముస్తాంగ్ వైపు ఐదు ఊళ్లలో సేకే అనే భాష ఉంది. మాట్లాడేవాళ్లు మొత్తం సుమారు 700 మంది, అందులో ఓ వందమంది ఈ న్యూయార్క్‌లోనే ఉన్నారు. అలాంటి మనిషిని "నేపాలీయా?" అని అడిగితే ఔననే అంటారు. సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. మనల్ని "హిందీవాళ్లా?" అని అడిగితే నీకెలా ఉంటుందో ఆలోచించు.

2020 వసంతం, ఆ కరోనా రోజుల గురించి ఎక్కువ రాయలేను. ఈ చుట్టుపక్కల ఉండేది టాక్సీ నడిపేవాళ్లు, వంటశాలల్లో పనిచేసేవాళ్లు, ఇళ్లకి సరుకులు చేర్చేవాళ్లు. ఇంట్లో కూర్చునే వీలు లేనివాళ్లు. రాత్రంతా అంబులెన్సుల చప్పుడే. మందులకి రోజూ వచ్చే కొన్ని మొహాలు రావడం మానేశాయి. ఆ రోజుల్లోనే, జనానికి ఊపిరి పీల్చుకునే చోటు కావాలని 34వ ఎవెన్యూలో 26 బ్లాకుల మేర కార్లు ఆపేశారు. రోగం తగ్గాక కూడా జనం దాన్ని వదులుకోలేదు. సాయంత్రాలు పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు, తాతలు కుర్చీలు వేసుకుంటారు. నేను పనయ్యాక అటు మీదుగానే ఇంటికెళ్తాను.

ఏడో నంబరు రైల్లో చివరిదాకా వెళ్తే ఫ్లషింగ్, అక్కడ బౌన్ స్ట్రీట్‌లో 1977లో ప్రతిష్ఠ చేసిన గణపతి గుడి. కింద క్యాంటీన్‌లో దోసెలు. దానికి ఇంకో ఆదివారం పెట్టుకుందాం.

ఈ ఆదివారం పదకొండింటికి స్టేషన్ బయట డైవర్సిటీ ప్లాజాలో, నువ్వెక్కి వచ్చే మెట్ల దగ్గర ఉంటాను. స్నేహితురాళ్లని తీసుకురా, కానీ ఇద్దరికి మించొద్దు. ఆరుగురు వస్తే మీలో మీరే మాట్లాడుకుంటారు. మీ అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా మర్చిపోకు. సగం నాకు, సగం మా కింది అంతస్తులో ఉండే టిబెటన్ పెద్దావిడకి. పోయినసారి పచ్చడి మోమోల్లోకి నంజుకు తిని, అయిపోయినప్పట్నుంచీ అడుగుతోంది. నువ్వే వెళ్లి ఇద్దువుగాని.

మీ పిన్ని