ఒంటరి కుందేలుకు తోడు తేవాలా?

ప్రశ్న: మా ఆడ కుందేలుకు రెండేళ్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే పగలంతా ఒక్కతే ఉంటుంది. ఇంకో కుందేలును తెమ్మంటారా?

జవాబు: కుందేళ్లు గుంపుగా బతికే జీవులు. తోడు దొరికితే ఒకదాన్నొకటి నాకుతూ, ఆనుకుని పడుకుంటాయి. మీరు సాయంత్రం ఓ గంట ఆడించినా ఆ లోటు తీరదు. కాబట్టి తెమ్మనే అంటాను, కానీ ఇప్పుడే కాదు.

ముందు మీ కుందేలుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. చేయించని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ ఎక్కువ. కాబట్టి తోడు తేకపోయినా ఇది అవసరమే. కుక్కలకూ పిల్లులకే కాక కుందేళ్లకూ ఆపరేషన్లు చేసిన అనుభవమున్న డాక్టర్‌ను వెతకండి. కుందేళ్లు వాంతి చేసుకోలేవు, కాబట్టి వాటికి పస్తు అక్కర్లేదు. ఆపరేషన్ ముందు పస్తు ఉంచమన్నారంటే మరో డాక్టర్‌ను చూసుకోవడం మేలు.

సాధారణంగా బాగా కుదిరేది ఆపరేషన్ అయిన ఆడ, మగ జత. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా నాలుగు నుంచి ఆరు వారాలు విడిగా ఉంచాలి. ఆలోగా కలిపితే, ఆపరేషన్ కాని ఆడదానికి కడుపు రావచ్చు; గర్భం నెల రోజులే! 'రెండూ ఆడవే' అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి, పిల్లల్లో ఆడ, మగ తేడా కనిపెట్టడం కష్టం.

తెచ్చిన రోజే ఒకే బోనులో వేస్తే రక్తాలొచ్చేలా కొట్టుకోవచ్చు. పక్కపక్క బోనుల్లో ఉంచి, తర్వాత రెండింటికీ కొత్తయిన చోట, మీ కళ్లముందే కాసేపు కలపండి. వారాలు పట్టొచ్చు. ఒక్కోసారి అసలు కుదరదు. అప్పుడు రెంటినీ విడివిడిగా పెంచే చోటు మీ ఇంట్లో ఉందా? లేకపోతే తేకండి.