ఇంటివద్ద సబ్బు తయారీ: తూకము, జాగ్రత్తలు

కొబ్బరి, వేరుసెనగ, వేప నూనెలు మన గ్రామములలో దొరకునవే. వీటితో ఒంటి సబ్బును ఇంటివద్దనే చేసికొనవచ్చును. పద్ధతి కష్టమైనది కాదు. కాని ఇందులో వాడు కాస్టిక్ సోడా చర్మమును, కంటిని కాల్చివేయును. అందుచే క్రొత్తగా నేర్చుకొనువారు మొదట నేర్వవలసినది రంగులు, సువాసనల సంగతి కాదు, తూకము సంగతి. తూకము సరిగా ఉన్నచో సోడా అంతయు నూనెతో కలిసి సబ్బుగా మారిపోవును. తప్పినచో అది సబ్బులో మిగిలి, వాడినవారి ఒంటిని బాధించును.

సబ్బు ఎట్లు ఏర్పడును?

పూర్వము రజకులు చౌడుమన్నుతో బట్టలు ఉతికెడివారు. చౌడులోని క్షారము మురికిని వదల్చునుగాని అది సబ్బు కాదు. నూనెకు గాఢమైన క్షారము కలిపినపుడు రెండును రూపు మారి, సబ్బు, గ్లిసరిన్ అను రెండు క్రొత్త పదార్థములు ఏర్పడును.

అంగడిలో వంటసోడా, బట్టలసోడా, కాస్టిక్ సోడా అని మూడు రకములు దొరకును. ఈ పద్ధతికి పనికివచ్చునది కాస్టిక్ సోడా ఒక్కటే. పొట్లముపై పేరు చదివి కొనవలెను. పైపులు శుభ్రము చేయుటకు అమ్ము పొడులలో ఇతర పదార్థములు కలిసియుండవచ్చును గనుక వాటిని వాడరాదు.

తూకమే ప్రధానము

ప్రతి నూనెకు కావలసిన సోడా వేరు. 100 గ్రాముల నూనె పూర్తిగా సబ్బుగా మారుటకు సుమారుగా కావలసిన సోడా ఇది:

కొబ్బరి నూనె - 18.3 గ్రాములు
వేప నూనె - 13.8 గ్రాములు
వేరుసెనగ నూనె - 13.6 గ్రాములు
ఆముదము - 12.8 గ్రాములు

కొబ్బరి నూనె లేదని, అదే లెక్కన సోడా వేసి కిలో వేరుసెనగ నూనెతో సబ్బు చేసినచో 47 గ్రాముల సోడా మిగిలిపోవును. అట్టి సబ్బు ఒంటికి పనికిరాదు.

నూనెను లీటర్లతో కొలుచుట కూడ పొరపాటే. లీటరు నూనె కిలో తూగదు. సుమారు 915 గ్రాములు మాత్రమే తూగును. కనుక సోడాను, నూనెను, నీటిని కూడ గ్రాములలోనే తూచవలెను. ఒక గ్రాము తేడాను చూపు చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఇందుకు చాలును.

మొదటిసారికి తగిన పాళ్లు

కొబ్బరి నూనె - 600 గ్రాములు
వేరుసెనగ నూనె - 250 గ్రాములు
వేప నూనె - 150 గ్రాములు
కాస్టిక్ సోడా - 153 గ్రాములు
చల్లని మంచినీరు - 320 గ్రాములు

పై లెక్క ప్రకారము ఈ నూనెలకు 164 గ్రాములకు పైగా సోడా పట్టును. అయినను 153 గ్రాములే వేయుచున్నాము. కొంత నూనె మారక మిగులుట వలన సబ్బు చర్మమునకు మెత్తగా ఉండును. చిన్న తేడాలు వచ్చినను ప్రమాదము ఉండదు. కాని ఈ వెసులుబాటు 11 గ్రాములు మాత్రమే. కిలోకు బదులు లీటరు నూనె పోసినచో 14 గ్రాముల సోడా ఎక్కువై, వెసులుబాటు అంతయు హరించిపోవును.

పాత్రలు, రక్షణ

స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు గాని, వేడికి తట్టుకొను దళసరి ప్లాస్టిక్ పాత్రలు గాని వాడవలెను. సిల్వరు, సత్తు అని మనము పిలుచు అల్యూమినియము పాత్రలను వాడనే కూడదు. సోడా ఆ లోహమును తినివేసి, మండు స్వభావముగల హైడ్రోజన్ వాయువును పుట్టించును. జింకు పూత బకెట్లును పనికిరావు. సబ్బుకు వాడిన పాత్రలను మరల వంటకు వాడరాదు.

రబ్బరు చేతితొడుగులు, ప్రక్కలు కూడ మూసియుండు రక్షణ కండ్లద్దాలు, పొడుగుచేతుల చొక్కా, కాళ్లకు చెప్పులుగాక బూట్లు ధరింపవలెను. గాలి వచ్చు వసారాలో పని చేయవలెను. పిల్లలను, పశువులను దగ్గరకు రానీయరాదు. పని మొదలుపెట్టుటకు ముందే ప్రక్కన రెండు బకెట్ల మంచినీరు, ఒక చెంబు ఉంచుకొనవలెను.

తయారుచేయు విధానము

1. నీటిని పాత్రలో పోసి, అందులో సోడాను కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. సోడాపై నీరు పోయరాదు. పోసినచో ఒక్కసారిగా ఉడికి ముఖముపైకి చిమ్మును. నీరు చాల వేడెక్కి ఘాటైన ఆవిరి వచ్చును గనుక ముఖమును దూరముగా ఉంచవలెను.

2. ఈ ద్రావణము చూచుటకు మంచినీటివలెనే ఉండును. దీనిని గ్లాసులలోను, త్రాగునీటి సీసాలలోను పోయరాదు. చల్లారువరకు ఒకరు దగ్గరనే కాపలా ఉండవలెను.

3. నూనెలను కలిపి గోరువెచ్చగా, సుమారు 40 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడిచేయవలెను. ద్రావణము కూడ ఆ వేడికి దిగిన పిదప సన్నని ధారగా నూనెలో పోయుచు కలుపవలెను.

4. మిశ్రమము పలుచని దోసెపిండివలె చిక్కబడువరకు కలుపుచుండవలెను. గరిటెతో తీసి పైన జారవిడిచిన చార, ముగ్గుగీతవలె కొద్దిసేపు నిలిచినచో పాకము వచ్చినట్లే. చేతితో కలిపినచో గంటవరకు పట్టవచ్చును. తొలిసారి పాలు, తేనె, బెల్లము కలుపరాదు. ఇవి వేడిని పెంచును.

5. లోపల ప్లాస్టిక్ కాగితము పరచిన చెక్కపెట్టెలో పోసి, గోనెపట్టా కప్పి 24 నుండి 48 గంటలు కదల్చక ఉంచవలెను. పిమ్మట తొడుగులు వేసికొనియే ముక్కలుగా కోయవలెను.

6. ముక్కలను గాలి తగులునట్లు నీడలో 4 వారములు ఆరనీయవలెను. వానకాలములో 6 వారములు పట్టును. సుమారు 100 గ్రాముల సబ్బులు పన్నెండు వచ్చును.

పరీక్ష

నాలుకతో రుచి చూచి పరీక్షించు అలవాటు మంచిది కాదు. తడిపిన సబ్బుపై పి.హెచ్. కాగితమును అద్దవలెను. 9, 10 మధ్య చూపినచో మంచిది. 11 దాటినచో ఒంటికి వాడరాదు. పైన కనబడు సన్నని తెల్లపొడి హాని చేయదు, గీకివేయవచ్చును. కోసినపుడు లోపల నీరు ఊరినను, గట్టి తెల్ల పలుకులు కనబడినను ఆ సబ్బును పారవేయవలెను.

ప్రమాదము జరిగినచో

చర్మముపై పడినచో తడిసిన బట్టలు తీసివేసి, కనీసము 20 నిమిషములు ధారగా నీరు పోయవలెను. నిమ్మరసము, వెనిగరు, పసుపు, వెన్న పూయరాదు. కంటిలో పడినచో రెప్పలు తెరచి ఉంచి అంతసేపు నీటితో కడిగి, నొప్పి తగ్గినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. బిడ్డ మ్రింగినచో వాంతి చేయింపరాదు. లోనికి దిగునపుడు కాలిన అన్ననాళము, పైకి వచ్చునపుడు మరల కాలును. నాళము ముడుచుకొనిపోయి, బిడ్డ అన్నము మ్రింగలేని స్థితి రావచ్చును. నోరు కడిగి, 108కు ఫోను చేసి ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చవలెను.

మిగిలిన సోడా గాలిలోని తేమను పీల్చుకొనును. దానిని బిగుతు మూత గల ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, "విషము" అని వ్రాసి, తాళము వేసిన చోట భద్రపరచవలెను. ఉప్పు, పంచదారల దాపున ఉంచరాదు.

ఇంటి వాడకమునకు గాక అమ్మకమునకు ఒంటి సబ్బు చేయువారికి 2020 సంవత్సరపు సౌందర్య సాధనముల నియమముల ప్రకారము లైసెన్సు అవసరము. మహిళా సంఘములకు ఈ పనిని నేర్పు గ్రామోద్యోగులు ఈ సంగతి ముందే తెలుపవలెను. శిక్షణలో మొదట త్రాసు, కండ్లద్దాలు, నీటి బకెట్లు సమకూర్చి, పిదపనే సోడా పొట్లము విప్పవలెను. చేయి తిరుగువరకు ఒక్క విడతకు కిలో నూనెకు మించి చేయకుండుట మంచిది.